ఇంటి కంప్యూటరు – వినియోగ వివేకం

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంట్లో కంప్యూటరు ఉండటం వేరు. దానిని వివేకంతో వినియోగించుకోవడం వేరు. సమాచారాన్ని భద్రపరచుకోవడం, తెలుగును నిలకడగల రూపంలో రాసుకోవడం, మోసాల బారిన పడకుండా ఉండటం, యంత్రాన్నీ దేహాన్నీ కాపాడుకోవడం అనే విషయాలలో సామాన్య గృహస్థులకు అవసరమైన మెళకువలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రవేశిక

గుణాఢ్యుడు పైశాచీ భాషలో రచించిన బృహత్కథ నేడు లభించడం లేదు. ఏడు లక్షల శ్లోకాల ఆ గ్రంథాన్ని శాతవాహన రాజు ఆదరించకపోవడంతో, కవి అడవిలో నిప్పు రాజేసి, ఒక్కొక్క పత్రాన్నే మృగాలకూ పక్షులకూ చదివి వినిపిస్తూ అగ్నికి ఆహుతి చేశాడని, రాజు వచ్చి వారించేసరికి ఒక లక్ష మాత్రమే మిగిలిందని ఐతిహ్యం. ఐతిహ్యంలోని నిజానిజాలు ఎలా ఉన్నా, మూలగ్రంథం నశించిందన్నది వాస్తవం. అయినా అందులోని కథలు నశించలేదు. క్షేమేంద్రుని బృహత్కథామంజరిలో, సోమదేవుని కథాసరిత్సాగరంలో అవి నేటికీ జీవించి ఉన్నాయి. ఒక్కచోట ఉన్నది పోయింది. పలుచోట్లకు చేరినది మిగిలింది.

నేటి ప్రతి ఇంట్లోనూ ఒక చిన్న బృహత్కథ ఉంటుంది. అమ్మమ్మ గొంతులో రికార్డు చేసిన మంగళహారతులు, తాతగారితో దిగిన చివరి ఛాయాచిత్రం, పెళ్లినాటి వీడియోలు, పిల్లల ధ్రువపత్రాలు, పొలం దస్తావేజుల నకళ్లు – ఇవన్నీ ఇంటి కంప్యూటరులో అరచేయంత పెట్టెలో ఇమిడి ఉంటాయి. దుకాణంలో కొత్త కంప్యూటరు దొరుకుతుంది గాని, అమ్మమ్మ గొంతు దొరకదు. ఈ సత్యాన్ని గుర్తించినవారికి కంప్యూటరు మెళకువలు కేవలం సాంకేతిక విషయాలు కావు, గృహధర్మంలో భాగాలు.

పలక – పుస్తకం

కంప్యూటరుకు రెండు విధాలైన జ్ఞాపకశక్తి ఉంటుంది. మొదటిది ‘ర్యామ్’ అనే తాత్కాలిక స్మృతి. తెరపై పని జరుగుతున్నంతసేపు అక్షరాలు ఇక్కడే ఉంటాయి. రెండవది హార్డ్‌డిస్కు లేదా ఎస్‌ఎస్‌డి అనే శాశ్వత స్మృతి. మొదటిది పలక వంటిది, రెండవది పుస్తకం వంటిది. విద్యుత్తు పోగానే పలక తుడిచిపెట్టుకుపోతుంది. పుస్తకంలోకి ఎక్కినదే నిలుస్తుంది. పలకమీది రాతను పుస్తకంలోకి ఎక్కించడమే ‘సేవ్’ చేయడం.

రెండు గంటలు శ్రమించి రాసిన దరఖాస్తు ఒక్క క్షణంలో మాయమైందని వాపోయేవారిలో చాలామంది ఈ భేదాన్ని గుర్తించనివారే. ‘కంట్రోల్’ మీటను నొక్కి ఉంచి ‘ఎస్’ మీటను నొక్కితే రాసినంతమేరకు భద్రమవుతుంది. పేరా ముగిసిన ప్రతిసారీ వేళ్లు తమంతట తామే ఆ మీటలపైకి పోయేటట్లు అలవాటు చేసుకోవాలి. తొందరపాటులో ఏదైనా చెరిగిపోతే కంగారుపడి మరేమీ చేయకుండా ‘కంట్రోల్’, ‘జెడ్’ మీటలను నొక్కాలి. చివరగా చేసిన పని రద్దై, అంతకుముందున్న స్థితి తిరిగి వస్తుంది.

విద్యుత్తు తరచుగా పోయే ఊళ్లలో డెస్క్‌టాప్ కంప్యూటరుకు యూపీఎస్ అవసరం. అయితే యూపీఎస్ ఇచ్చే కొద్ది నిమిషాల వ్యవధి పని కొనసాగించడానికి కాదు; పనిని భద్రపరచి, యంత్రాన్ని క్రమపద్ధతిలో ఆపడానికి. నేరుగా గోడమీది స్విచ్ నొక్కి కంప్యూటరును ఆపితే, ఆ క్షణంలో డిస్కుపై సగం రాసిన సమాచారం చెడిపోయే ప్రమాదం ఉంది.

తొలగించిన ఫైలు సాధారణంగా ‘రీసైకిల్ బిన్’లోకి చేరుతుంది. అక్కడినుంచి దానిని తిరిగి తెచ్చుకోవచ్చు. కాని ‘షిఫ్ట్’ మీటతో కలిపి ‘డిలీట్’ నొక్కినా, పెన్‌డ్రైవులోని ఫైలును తొలగించినా ఈ అవకాశం సాధారణంగా ఉండదు. అటువంటప్పుడు ఒక రహస్యం తెలిసి ఉండాలి. హార్డ్‌డిస్కులో ఫైలును తొలగించడమంటే దాని అక్షరాలను వెంటనే చెరిపివేయడం కాదు. ఆ స్థలం ఖాళీగా ఉందని పట్టికలో రాసుకోవడం మాత్రమే. ఆ స్థలంపై కొత్త సమాచారం పడనంతవరకు పాతది దొరికే ఆశ ఉంటుంది. కాబట్టి ముఖ్యమైనది పొరపాటున తొలగించినవారు ఆ డిస్కును వాడటం తక్షణమే మానివేసి, తెలిసినవారి సాయం కోరాలి. ఎస్‌ఎస్‌డి తొలగించిన స్థలాన్ని తానే త్వరగా శుభ్రం చేసుకుంటుంది. అందువల్ల అందులో ఈ ఆశ చాలా తక్కువ.

పేరు పెట్టడం

నన్నెచోడుని కుమారసంభవం తెలుగు లోకానికి తెలియకుండా చాలాకాలం తాళపత్రాలలో మరుగుపడి ఉంది. మానవల్లి రామకృష్ణకవి దానిని వెలికితీసి 1909లో ప్రకటించేదాకా ఆ కావ్యం ఉండి కూడా లేనట్లే అయింది. భద్రంగా ఉన్నా కనబడనిది లేనిదానితో సమానం.

ఇంటి కంప్యూటరులో ఇటువంటి అజ్ఞాతవాసం నిత్యకృత్యం. ‘కొత్తది’, ‘కొత్తది 2’, ‘చివరిది’, ‘అసలు చివరిది’ అనే పేర్లతో ఫైళ్లు తెరనిండా పరచుకొని ఉంటాయి. కావలసిన రోజున కావలసినది కనబడదు. దీనికి పరిష్కారం సులభం. ఫైలు పేరులో మొదట సంవత్సరాన్ని, తరువాత నెలను, ఆ తరువాత తేదీని అంకెలలో రాసి, చివర విషయాన్ని చేర్చాలి. ఉదాహరణకు ‘2025-03-30 ఉగాది ఫొటోలు’ అని పేరు పెడితే, పేర్ల వరుసలో అమర్చినప్పుడు ఫైళ్లన్నీ తమంతట తామే కాలక్రమంలో నిలబడతాయి. తేదీని ముందు, సంవత్సరాన్ని చివర రాస్తే ఈ సౌలభ్యం ఉండదు. వేర్వేరు సంవత్సరాల ఒకటో తేదీలన్నీ ఒకచోట గుంపుకడతాయి. ‘చదువు’, ‘ఆరోగ్యం’, ‘ఆస్తి’, ‘ఫొటోలు’ వంటి నాలుగైదు ఫోల్డర్లు ఒక కుటుంబానికి చాలు. అర సర్దిన ఇల్లాలికి చీకటిలో కూడా ఉప్పు డబ్బా దొరుకుతుంది.

మూడు ప్రతుల సూత్రం

1956లో ఐబీఎం సంస్థ మొట్టమొదటి హార్డ్‌డిస్కు గల కంప్యూటరును విడుదల చేసింది. యాభై పళ్లేలతో, బీరువా అంత పరిమాణంలో ఉన్న ఆ డిస్కు సుమారు 50 లక్షల అక్షరాలను మాత్రమే నిలుపుకొనేది. నేడు చిటికెనవేలి గోరంత మెమరీ కార్డులో దానికి పదివేల రెట్లకు పైగా ఇముడుతోంది. పరిమాణం తగ్గినా పరికరానికి అమరత్వం మాత్రం సిద్ధించలేదు. హార్డ్‌డిస్కులోని పళ్లేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. వాటిని చదివే మొన, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎడంలో తేలుతూ ఉంటుంది. పని చేస్తుండగా ఒక్క కుదుపు తగిలితే చాలు, పళ్లెం గీచుకుపోవచ్చు. ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగాలు లేవు గనుక కుదుపులకు తట్టుకుంటుంది. కాని ముందస్తు హెచ్చరిక లేకుండానే ఒకరోజు మూగబోవచ్చు. పాడవుతుందా లేదా అన్నది ప్రశ్న కాదు, ఎప్పుడన్నదే ప్రశ్న.

మన పూర్వులకు ఈ సంగతి తెలుసు. తాటాకును పురుగు తింటుంది, చెమ్మ కుళ్లబెడుతుంది. అందుకే తరం తరువాత తరం కొత్త ఆకులపైకి గ్రంథాలను ఎక్కించుకుంటూ వచ్చింది. 19వ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథానికి పలు తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, వాటిని సరిపోల్చి శుద్ధప్రతులు రాయించాడు. ఒక ప్రతిలో శిథిలమైన చోటు మరొక ప్రతి పూరించింది. తెలుగు కావ్యాలలో అనేకం నేడు మనకు దక్కడానికి కారణం ఈ ప్రతుల బాహుళ్యమే.

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఛాయాగ్రాహకుడు ప్రచారంలోకి తెచ్చిన ‘3–2–1’ సూత్రం ఈ నాటి రూపం. దాని తాత్పర్యం ఇది: ముఖ్యమైన సమాచారానికి మూడు ప్రతులు ఉండాలి, అవి కనీసం రెండు వేర్వేరు పరికరాలపై ఉండాలి, వాటిలో ఒకటి ఇంటికి దూరంగా మరొకచోట ఉండాలి. కంప్యూటరులో ఒకటి, విడిగా కొన్న హార్డ్‌డిస్కులో ఒకటి, అంతర్జాలంలోని నిల్వ సేవలో గాని పొరుగూరి బంధువు ఇంట గాని మరొకటి – ఈ ఏర్పాటు సామాన్య కుటుంబానికి అసాధ్యం కాదు. అగ్నిప్రమాదం, వరద, దొంగతనం వంటివి ఇంట్లోని ప్రతులన్నింటినీ ఒకేసారి తీసుకుపోగలవు గనుక మూడవ ప్రతి దూరంగా ఉండటం తప్పనిసరి.

ఈ విషయంలో సర్వసాధారణంగా నాలుగు పొరపాట్లు జరుగుతుంటాయి. కంప్యూటరులోని ‘సి’ విభాగంనుంచి ‘డి’ విభాగంలోకి ఎక్కించి రెండు ప్రతులున్నాయని భావించడం మొదటిది. అవి రెండూ సాధారణంగా ఒకే డిస్కులోని రెండు గదులు. ఇల్లు కూలితే రెండు గదులూ కూలుతాయి. ఫోనుతో కంప్యూటరును సమన్వయం చేసి, దానినే రక్షణ అనుకోవడం రెండవది. అటువంటి సేవలలో ఒకచోట తొలగించినది రెండవచోట కూడా తొలగిపోతుంది. పెన్‌డ్రైవును శాశ్వత భాండాగారంగా నమ్మడం మూడవది. అది సమాచారాన్ని మోసుకుపోయే సంచి మాత్రమే. దాచుకొనే పెట్టె కాదు. ప్రతి తీసి, అది తెరుచుకుంటుందో లేదో ఎన్నడూ పరీక్షించకపోవడం నాలుగవది. ఏడాదికి ఒకటి రెండుసార్లయినా దాచిన ఫైళ్లలో కొన్నింటిని తెరిచి చూసుకోవాలి.

తెలుగు అక్షరానికి నిలకడ

తెలుగు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. పూర్వం తెలుగు టైపు చేయడానికి వాడిన అనేక ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల స్థానంలో తెలుగు అక్షరాల బొమ్మలను అమర్చేవారు. కంప్యూటరు దృష్టిలో అది ఇంగ్లీషే. కంటికి మాత్రం తెలుగు. ఆ ఫాంటు లేని మరో కంప్యూటరులో అదే ఫైలును తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడతాయి. ఒకరు పదేళ్లు శ్రమించి సేకరించిన ఊరి పాటలు, కొత్త కంప్యూటరు కొన్న నాడు ఎవరూ చదవలేని రాతగా మారిపోవడానికి కారణం ఇదే.

యూనికోడ్ ఈ చిక్కును తొలగించింది. ప్రపంచ లిపులన్నింటిలోని అక్షరాలకు వేర్వేరు సంఖ్యలను కేటాయించిన విధానం ఇది. 1991లో వెలువడిన తొలి రూపంలోనే తెలుగు లిపికి స్థానం లభించింది. దీని ప్రకారం ‘క’ అనే అక్షరం ఏ ఫాంటులో చూసినా, ఏ దేశపు యంత్రంలో చూసినా ‘క’యే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ అనే ఫాంటు లభించింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన ‘పోతన’, ‘వేమన’ ఫాంట్లు కూడా తెలుగువారికి ఉచితంగా అందాయి.

నేటి విండోస్‌లో తెలుగు టైపు చేయడానికి వేరే సాఫ్ట్‌వేరు కొననవసరం లేదు. అమరికలలోని భాషా విభాగంలో తెలుగును చేర్చుకుంటే చాలు. ఆ తరువాత విండోస్ మీటతో కలిపి స్పేస్‌బార్ నొక్కితే ఒక భాషనుంచి మరొక భాషకు మారవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికలో అచ్చులు ఎడమవైపు, హల్లులు ప్రధానంగా కుడివైపు ఉంటాయి. భారతీయ లిపులన్నింటికీ ఒకే పద్ధతి కావడంవల్ల తెలుగు నేర్చినవారికి హిందీ టైపు చేయడం కూడా సులభమవుతుంది. యూనికోడ్‌లో రాసినదానిలో కావలసిన మాటను క్షణంలో వెతికి పట్టుకోవచ్చు. పాత ఫాంట్లలో రాసిన ఫైళ్లు ఉన్నవారు, అవి తెరుచుకుంటున్న పాత కంప్యూటరు పనిచేస్తుండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్పించుకొని, తప్పులు సరిచూసుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు.

తాళం – తాళంచెవి

2017 మే 12న ‘వన్నాక్రై’ అనే దుష్ట సాఫ్ట్‌వేరు ప్రపంచాన్ని వణికించింది. కంప్యూటరులోని ఫైళ్లకు సంకేత తాళం వేసి, తీయాలంటే డబ్బు చెల్లించాలని అది బెదిరించింది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా వాటిలో ఉన్నాయి. గమనించవలసిన విషయం ఏమంటే, అది చొరబడిన లోపానికి మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, మార్చిలోనే దిద్దుబాటు విడుదల చేసింది. దానిని సకాలంలో అమర్చుకున్నవారికి ఆ దారిన హాని జరగలేదు. తెరపై ‘అప్‌డేట్’ సూచన కనబడగానే విసుగుతో తోసిపుచ్చేవారు ఈ ఉదంతాన్ని స్మరించాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఆ కంప్యూటర్లు వాడేవారు వీలైతే విండోస్ 11కు గాని, ఉచితంగా లభించే లినక్స్‌కు గాని మారడం క్షేమం. ప్రతి తీసుకొనే హార్డ్‌డిస్కును పని ముగియగానే కంప్యూటరునుంచి విడదీయాలి. తగిలించి ఉంచితే దుష్ట సాఫ్ట్‌వేరు దానికీ తాళం వేస్తుంది.

సంకేతపదం విషయంలో నిడివే బలం. పేరు, పుట్టినతేదీ, ఫోను సంఖ్య వంటివి సులభంగా ఊహకు అందుతాయి. పరస్పర సంబంధం లేని నాలుగు మాటలను వరుసగా కూర్చితే అది పొడవుగా ఉంటుంది, జ్ఞాపకమూ ఉంటుంది. గొడుగు, చింతపండు, రైలు, నక్షత్రం – ఇటువంటి పొంతనలేని కూర్పును ఎవరికి వారే కల్పించుకోవాలి. ఈమెయిలుకు, బ్యాంకుకు ఒకే సంకేతపదం ఉండరాదు. ఒక తాళంచెవి పోతే ఇంటి గదులన్నీ తెరుచుకునే స్థితి కొనితెచ్చుకోవడం అవివేకం. ముఖ్యమైన ఖాతాలన్నింటికీ రెండంచెల ధ్రువీకరణను అమర్చుకోవాలి.

అంతర్జాల చిరునామాను చదవడం కూడా ఒక విద్య. చిరునామా ‘హెచ్‌టీటీపీఎస్’తో మొదలైతే మార్గమధ్యంలో సమాచారాన్ని ఇతరులు చదవలేరని మాత్రమే అర్థం, ఆవలి వ్యక్తి సత్యసంధుడని కాదు. దొంగ కూడా తన ఇంటికి మంచి తాళం వేసుకోగలడు. ఆ ఆరంభాన్ని వదిలి, తొలి ఏటవాలు గీతకు ముందున్న చివరి భాగాన్ని పరిశీలించాలి. ‘మనబ్యాంకు.కామ్.బహుమతి.ఇన్’ అని ఉంటే అది బ్యాంకుది కాదు, ‘బహుమతి.ఇన్’ అనే వేరొకరిది. బ్యాంకు అధికారులమంటూ ఫోను చేసి, కంప్యూటరు తెరను చూపే సాఫ్ట్‌వేరును అమర్చుకోమన్నవారి మాట వినరాదు. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. ‘డిజిటల్ అరెస్టు’ అనేది భారతదేశ చట్టాలలో లేనే లేదు. ఒకవేళ డబ్బు పోయినట్లు తెలిస్తే సిగ్గుపడి దాచుకోకుండా, వెంటనే జాతీయ సైబర్ నేర సహాయ సంఖ్య 1930కు ఫోను చేయాలి. ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే, ఆ సొమ్ము చేతులు మారకుండా నిలిపివేయగల అవకాశం అంత ఎక్కువ. మోసపోయిన పెద్దలను ఇంట్లోవారు నిందించరాదు. నిందకు భయపడి వారు మౌనం వహించిన ప్రతి గంటా దొంగకు లాభమే.

యంత్రం – దేహం

కంప్యూటరుకు ప్రధాన శత్రువులు వేడి, దుమ్ము. ల్యాప్‌టాప్‌ను పరుపుపైన, దిండుపైన ఉంచి వాడితే గాలి రంధ్రాలు మూసుకుపోయి లోపల వేడి పెరుగుతుంది. గట్టి పలకపై ఉంచి వాడాలి. శుభ్రం చేసేటప్పుడు విద్యుత్తును పూర్తిగా తొలగించాలి. తడిగుడ్డతో తెరను నేరుగా రుద్దరాదు. ఉరుములు మెరుపులు వచ్చే వేళ స్విచ్ ఆపడం చాలదు. ప్లగ్గును, అంతర్జాలపు తీగను కూడా తీసివేయాలి.

యంత్రంకన్నా దేహం ముఖ్యం. తెర చేతి పొడవు దూరంలో, దాని పైఅంచు కంటిమట్టానికి సమంగా గాని కొంచెం దిగువగా గాని ఉండాలి. ఇరవై నిమిషాలకు ఒకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లపాటు చూడాలని కంటి వైద్యులు సూచిస్తారు. తదేకంగా తెరను చూసేటప్పుడు రెప్పపాట్లు తగ్గి కళ్లు పొడిబారుతాయి. ఈ విరామం వాటికి ఊరటనిస్తుంది.

ముగింపు

ఇంట్లో కంప్యూటరు బాగా తెలిసినవారు సాధారణంగా విద్యార్థులే. అమ్మమ్మ పాట ఎక్కడుందో, దస్తావేజు నకలు ఏ పేరుతో ఉందో పెద్దలు వారినే అడుగుతారు. కాబట్టి ఇంటి జ్ఞాపకాలకు నేటి లేఖకులు వారే. నాటి లేఖకుడు తాటాకుపై గంటం పట్టి, తనకు పరిచయం లేని తరాల కోసం గ్రంథాలను ఎత్తి రాశాడు. నేటి లేఖకుడికి అంత శ్రమ లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక చిన్న హార్డ్‌డిస్కు, కాస్త శ్రద్ధ చాలు. ఆ శ్రద్ధ చూపిన ఇంట్లో, రేపు పుట్టబోయే పిల్లలు కూడా ముత్తవ్వ గొంతును వినగలుగుతారు.

పదాలు – అర్థాలు

ఐతిహ్యం : పరంపరగా చెప్పుకుంటూ వస్తున్న కథ
ఆహుతి : అగ్నిలో సమర్పించినది
దస్తావేజు : ఆస్తి హక్కును తెలిపే పత్రం
శుద్ధప్రతి : తప్పులు సవరించి సిద్ధం చేసిన ప్రతి
బాహుళ్యం : ఎక్కువగా ఉండటం
భాండాగారం : విలువైన వస్తువులను భద్రపరచే చోటు
గంటం : తాటాకుపై రాయడానికి వాడే ఇనుప సాధనం
లేఖకుడు : గ్రంథాలను ఎత్తి రాసేవాడు
సత్యసంధుడు : సత్యాన్ని తప్పనివాడు

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు విపులంగా సమాధానాలు రాయండి.
1. మూడు ప్రతుల సూత్రాన్ని వివరించి, ప్రతులు తీసుకోవడంలో జరిగే పొరపాట్లను తెలపండి.
2. తెలుగు రాతకు యూనికోడ్ ఏవిధంగా నిలకడ కల్పించిందో విశదీకరించండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. తాత్కాలిక స్మృతికి, శాశ్వత స్మృతికి గల భేదం ఏమిటి?
2. ఫైలు పేరులో సంవత్సరాన్ని ముందుగా రాయడంవల్ల కలిగే ప్రయోజనం ఏమిటి?
3. మోసపోయిన పెద్దలను ఇంట్లోవారు ఎందుకు నిందించరాదు?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. భద్రంగా ఉన్నా కనబడనిది లేనిదానితో సమానం.
2. దొంగ కూడా తన ఇంటికి మంచి తాళం వేసుకోగలడు.

ఈ. భాషాకార్యం
ఇంట్లోని పెద్దలలో ఒకరిని అడిగి, వారికి తెలిసిన ఒక పాటను గాని సామెతల కథను గాని యూనికోడ్ తెలుగులో టైపు చేయండి. పాఠంలో చెప్పిన పద్ధతిలో దానికి పేరు పెట్టి, మూడు ప్రతులు తీసి, వాటిని ఎక్కడెక్కడ ఉంచారో పది వాక్యాలలో రాయండి.